పూతరేకులు పుచ్చుకునే థెరపిస్టా, ఎందుకు తెచ్చారని అడిగే థెరపిస్టా?

ఆత్రేయపురంలో మా పెద్దమ్మగారి ఇల్లు ఉంది. అటు వెళ్లినప్పుడల్లా పూతరేకుల పెట్టెలు నాలుగు ఎక్కువే కొంటాను. ఎవరికో ఒకరికి ఇవ్వవలసి వస్తుందని ముందుజాగ్రత్త. అలా కొన్న పెట్టె ఒకటి, కాకినాడలో నేను కలుస్తున్న కౌన్సెలర్‌గారికి ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో అందుకుని, "నన్ను గుర్తు పెట్టుకుని తెచ్చారు, సంతోషంగా ఉందండి" అన్నారు. రెండేళ్ల తర్వాత అలాంటి పెట్టెనే హైదరాబాదులో మరో థెరపిస్టుకి ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు. "ఇది కొంటున్నప్పుడు మీ మనసులో ఏముంది?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా నలగకుండా ఒడిలో పెట్టుకుని తెచ్చిన పెట్టె అది.

కాకినాడ ఆవిడది హ్యూమనిస్టిక్ పద్ధతి, అంటే తీర్పు చెప్పకుండా వింటూ తోడుగా కూర్చునేది. హైదరాబాదు ఆయనది సైకోడైనమిక్ పద్ధతి, అంటే ఇప్పటి నడతకు వెనకున్న కారణాలను తవ్వేది. బహుమతి విషయంలో ఆ పద్ధతుల వాళ్లందరూ సరిగ్గా ఇలాగే చేస్తారని కాదు. కానీ ఈ రెండు థెరపీల్లో ఏది ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ పెట్టె కథే చెబుతాను. తేడా అంతా అందులో ఉంది.

నేను వైద్యుణ్ని కాను. అమలాపురంలో కామర్స్ పాఠాలు చెప్పుకునే మాస్టారిని. నాన్నగారు పోయాక నిద్ర పట్టక మొదటి తలుపు తట్టాను. ఎవరు అడిగినా కాదనలేక బంధువుల అప్పులకు, చీటీలకు హామీ సంతకాలు పెట్టి, లోపల కుతకుతలాడుతూ పైకి నవ్వే జబ్బు తగ్గక రెండో తలుపు తట్టాను. రెండు గదుల్లోనూ కూర్చున్నవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

తవ్వేవాళ్లు

సైకోడైనమిక్ పద్ధతికి మూలపురుషుడు వియన్నాకు చెందిన సిగ్మండ్ ఫ్రాయిడ్ (1856–1939). ఆయన, జోసెఫ్ బ్రాయర్ కలిసి 1895లో హిస్టీరియా మీద వెలువరించిన పుస్తకంతో ఈ దారి మొదలైందని చెప్పవచ్చు. మన మనసులో మనకే తెలియని భాగం ఒకటి ఉందని, చిన్ననాటి అనుబంధాలు, భయాలు, కోపాలు అక్కడ నిలిచిపోయి ఇప్పటి మన నడతను తిప్పుతుంటాయని దీని మూలసూత్రం. ఫ్రాయిడ్ శిష్యుల్లో, ఆ తర్వాతి తరాల్లో ఎందరో ఆయనతో విభేదించారు, సవరించారు. అందుకే ఇప్పుడు సైకోడైనమిక్ అన్న మాట ఒక కుటుంబం పేరు లాంటిది. అన్నదమ్ముల మధ్య గొడవలున్నా ఇంటిపేరు ఒకటే.

ఇది మనకు మరీ పరాయి సరుకేమీ కాదు. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు నడిపిన గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు.

చాలామంది దీన్ని సోఫా మీద పడుకుని మాట్లాడే మనోవిశ్లేషణ అనుకుని భయపడతారు. అది వేరు. అందులో వారానికి మూడు నుంచి ఐదు రోజులు వెళ్లాలి, ఏళ్లు పడుతుంది. ఇవాళ ఎక్కువగా దొరికే సైకోడైనమిక్ థెరపీలో ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుంటారు. వారానికి ఒకటో రెండో సెషన్లు, ఒక్కోటి 45 నుంచి 50 నిమిషాలు. పదహారు, ఇరవై సెషన్లలో ముగిసే చిన్న రకాలూ ఉన్నాయి.

గదిలో జరిగేది ఏమిటంటే, మీ మనసులోకి వచ్చినదల్లా వడపోయకుండా చెప్పమంటారు. రైలు కిటికీ పక్కన కూర్చున్నవాడు, బయట మారుతున్న దృశ్యాలను లోపలివాడికి చెప్పినట్టు చెప్పాలని ఫ్రాయిడ్ అనేవాడు. వినడానికి తేలికే. నేను పది నిమిషాల్లో ఆగిపోయాను. మరీ పిచ్చి మాటలు వస్తున్నాయని సిగ్గేసింది. ఆ ఆగిపోవడమే ఆయనకు కావలసింది. ఎక్కడ ఆగాను, ఎక్కడ మాట మార్చాను, ఎక్కడ జోకు వేశాను అన్నవన్నీ ఆయన గమనిస్తున్నారు.

జోకుల సంగతి కొంచెం చెప్పాలి. గోదావరి వాళ్లకు వెటకారం పుట్టుకతో వస్తుందని పేరు. నేనూ దాన్ని కిరీటంలాగే పెట్టుకు తిరిగాను. ఆరో సెషనో ఏడో సెషనో, ఆయన ఒకే మాట అన్నారు: "నాన్నగారి ఆసుపత్రి రోజుల దగ్గరికి వచ్చినప్పుడల్లా మీరు నన్ను నవ్విస్తున్నారు." ఆ రోజు మిగిలిన అరగంటా నేను మాట్లాడలేదు. బాధ తాకకుండా మనసు కట్టుకునే గట్లను వీళ్లు రక్షణ యంత్రాంగాలు అంటారు. హాస్యం వాటిలో మంచి రకమేనని జార్జ్ వాలియంట్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు చెప్పాడు. ఎంత మంచి గట్టయినా నీళ్లు పోవలసిన చోట అడ్డంగా ఉంటే చేను ఎండుతుంది.

ఇక పూతరేకుల పెట్టె. ఈ పద్ధతిలో ట్రాన్స్‌ఫరెన్స్ అనే మాట ఒకటి వినబడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లతో మనం నేర్చుకున్న తీరును, మనకు తెలియకుండానే థెరపిస్టు మీదికి తెచ్చేస్తాం. నాన్నగారికి కోపం వస్తుందేమోనని చిన్నప్పుడు ముందుగానే ఆయన చెప్పులు తుడిచి పెట్టేవాణ్ని. పెట్టె కూడా అదే. ఎదుటివాడు అలగక ముందే కట్టే ముందస్తు జరిమానా. ఈ సంగతి మూడు వారాల తర్వాత నా నోటి నుంచే వచ్చింది. ఆయన చెప్పి ఉంటే నేను వాదించేవాణ్ని.

నీడ, నీరు ఇచ్చి కూర్చునేవాళ్లు

హ్యూమనిస్టిక్ పద్ధతికి పెద్ద దిక్కు కార్ల్ రోజర్స్ (1902–1987). అమెరికావాడు. పన్నెండో ఏట కుటుంబంతో పాటు వ్యవసాయ క్షేత్రానికి మారి పెరిగాడు, కాలేజీలో మొదట చేరింది వ్యవసాయశాస్త్రంలోనే. ఆ తర్వాతే మనస్తత్వశాస్త్రం వైపు మళ్లాడు. మట్టి ఆయన్ని వదల్లేదనిపిస్తుంది. చలికాలానికి నేలమాళిగలో దాచిన బంగాళాదుంపలు, ఎక్కడో పైనున్న చిన్న కిటికీ వెలుగు వైపు పాలిపోయిన మొలకలను సాచడం చిన్నప్పుడు చూశానని, మనిషీ అంతేనని ఆయన రాశాడు. మన దగ్గర బంగాళాదుంప అక్కర్లేదు. అటక మీద మరిచిపోయిన కొబ్బరికాయను చూస్తే చాలు. ఎవరూ నీళ్లు పోయరు, మట్టి కప్పరు. అయినా నెలలు గడిచాక కంటిలోంచి మొలక బయటికి వచ్చి ఉంటుంది.

ఆ మొలకను పట్టి లాగితే పెరగదు. అందుకే రోజర్స్ రోగి అన్న మాటనే పక్కన పెట్టి క్లయింటు అన్నాడు. 1957లో ఒక వ్యాసంలో థెరపిస్టు ఎలా ఉండాలో చెప్పాడు. అందులో మూడు గుణాలు ప్రసిద్ధికెక్కాయి. మీ బాధను మీ కళ్లతో చూడగలగడం. మీరేం చేసినా మీ మీద గౌరవం తగ్గకపోవడం. తాను నటించకపోవడం. ఈ వాతావరణం దొరికితే మనిషి తన దారి తానే వెతుక్కుంటాడని ఆయన నమ్మకం. అబ్రహాం మాస్లోను కూడా ఈ వరసలోనే చెబుతారు. కాలేజీల్లో మేం బోర్డు మీద గీసే అవసరాల మెట్లు ఆయన 1943 నాటి ఆలోచనవే. ఫ్రిట్జ్ పెర్ల్స్ వాళ్ల గెస్టాల్ట్ థెరపీ ఇంకొంచెం నాటకీయంగా ఉంటుంది. ఖాళీ కుర్చీని ఎదురుగా పెట్టి, అందులో పోయినవాళ్లో, పోట్లాడినవాళ్లో ఉన్నారనుకుని మాట్లాడమంటారు.

ఇదంతా వింటే "ఓస్, వినడమేగా" అనిపిస్తుంది. మనవైపు ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో "ఆయ్" అంటాం. అది మర్యాద. లోపల మన జవాబు మనం తయారు చేసుకుంటూనే ఉంటాం. కాకినాడ ఆవిడ చేసింది అది కాదు. నాన్నగారు పోయారని చెప్పగానే ప్రతి ఇంట్లోనూ నాకు దొరికిన మాటలు, "ఎనభై ఏళ్ల మనిషి, హాయిగా పోయారు", "నువ్వే ఇలా అయితే అమ్మ సంగతేమిటి" అన్నవి. ఆవిడ అన్నది, "ఆయన పోయినందుకు దుఃఖం ఉంది, కొంచెం తెరిపిగా కూడా ఉంది, ఆ తెరిపికి సిగ్గుపడుతున్నారు. అంతేనాండీ?" నేను తెరిపి అన్న మాట వాడనే లేదు. కానీ అదే నిజం. ఆ రాత్రి నిద్రపోయాను.

గదిలో కనబడే తేడాలు

రెండింటిలోనూ సలహా దొరకదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే మనవాళ్లు సగం మంది అక్కడే నిరుత్సాహపడి వెనక్కి వస్తారు. "ఇంత డబ్బు తీసుకుని, విడాకులు తీసుకోమంటారా వద్దంటారా చెప్పరేమిటి?" అని ఒక స్నేహితుడు మండిపడ్డాడు. చెప్పేవాళ్లు ఊళ్లో ఉచితంగా ఉన్నారు కదా అన్నాను.

హ్యూమనిస్టిక్ గదిలో మాట ఎక్కువగా ఇప్పటి గురించి, ఈ క్షణం మీకేమనిపిస్తోందన్న దాని గురించి నడుస్తుంది. థెరపిస్టు ముఖం చదవవచ్చు, ఆయనకు కలిగిన భావాన్ని ఒక్కోసారి చెబుతారు కూడా. మొదటి రోజు నుంచే గుండె తేలికపడవచ్చు. సైకోడైనమిక్ గదిలో ఇప్పటి నుంచి వెనక్కి, వెనక నుంచి ఇప్పటికి ప్రయాణం. కలలు అడుగుతారు. మౌనాలు పొడుగ్గా ఉంటాయి. థెరపిస్టు తన సంగతులు పెద్దగా చెప్పరు. మొదటి నెలలో గుండె బరువెక్కే అవకాశమూ ఉంది. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీసే రోజులు గుర్తు చేసుకోండి. అడుగున ఏమున్నదో అప్పుడే బయటపడుతుంది, వాసన కూడా అప్పుడే వస్తుంది.

చేతకాని చేతుల్లో రెండూ చెడతాయి. చెడిన హ్యూమనిస్టిక్ థెరపీ భజన అవుతుంది. మీరేం చెప్పినా "అవునండీ" అనిపించుకుని వస్తారు. చెడిన సైకోడైనమిక్ థెరపీలో ప్రతి నేరమూ అమ్మ మీద పడుతుంది, థెరపిస్టు పొగరుకు మౌనం ముసుగవుతుంది.

ఎవరికి ఏది

ముగ్గురి సంగతి చెబుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలన్నీ మార్చాను.

మా కాలేజీ అమ్మాయి. పదో తరగతి తర్వాత ఏ గ్రూపు, ఏ హాస్టలు, ఏ కోర్సు అన్నీ ఇంట్లోనే తేలిపోయాయి. తనకేం కావాలని అడిగితే నాన్నకు ఇష్టమైనదే చెప్పేది, అబద్ధమాడి కాదు, వేరే ఇష్టం ఉండవచ్చని తెలియక. ఈ అమ్మాయికి తవ్వకం అవసరం లేదు. ఎవరూ తొందరపెట్టని ఒక గంట కావాలి. హ్యూమనిస్టిక్.

రెండో ఆవిడకు ముప్ఫై ఆరేళ్లు. చిన్నప్పుడు అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళితే అమ్మమ్మ దగ్గర పెరిగింది. డబ్బు వచ్చేది, బొమ్మలు వచ్చేవి, అమ్మ రెండేళ్లకోసారి వచ్చి వెళ్లిపోయేది. ఇప్పుడు ఎవరైనా దగ్గరవుతున్నారనిపించగానే ఈవిడే ముందుగా గొడవ పెట్టుకుని తెంపేస్తుంది. ఉద్యోగంలో అదే, స్నేహంలో అదే, పెళ్లిలో అదే. తల్లీబిడ్డల ఎడబాటు గురించి బ్రిటిష్ సైకియాట్రిస్టు జాన్ బౌల్బీ చేసిన పని ఇలాంటి చోటే అక్కరకు వస్తుంది. మనుషులు మారుతున్నారు, కథ మారడం లేదు. సైకోడైనమిక్. అమ్మను దోషిగా నిలబెట్టడానికి కాదు. ఆ అమ్మ పడ్డ కష్టాన్ని ఈవిడ మొదటిసారి కన్నీళ్లతో మాట్లాడింది కూడా ఆ గదిలోనే.

మూడో ఆయన భీమవరం వైపు రొయ్యల రైతు. తెల్లమచ్చ తెగులుతో వరసగా రెండు పంటలు పోయాయి. నిద్ర లేదు, తిండి లేదు, "చెరువులో దిగి పైకి రాకపోతే బాగుండును" అన్నాడు. ఈయన విషయంలో నా పోలికలన్నీ పక్కన పెట్టాలి. ముందు సైకియాట్రిస్టు. ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలకూడదు. టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మానసిక ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ఫోను సేవ, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆయన కోలుకుని నిలబడ్డాక ఏ థెరపీ అన్నది ఆలోచించవచ్చు.

చేతులు కడిగిందే కడిగే ఓసీడీ, లిఫ్టు ఎక్కలేని భయం, లేనివి వినబడటం, మద్యం మానగానే వణుకు, ఇవి కూడా ఈ రెండు గదుల్లో మొదలుపెట్టవలసినవి కావు. ఓసీడీకీ అలాంటి భయాలకూ కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్సలో, నేరుగా పనిచేసే పద్ధతులున్నాయి. చివరి రెండింటికీ ముందు డాక్టరు కావాలి.

ఏది గొప్పదో పరిశోధనలు తేల్చలేదా అంటే, వేరువేరు థెరపీల ఫలితాలు దాదాపు సమానంగా వస్తున్నాయని అమెరికన్ సైకాలజిస్టు సాల్ రోజెన్‌జ్వైగ్ 1936లోనే అన్నాడు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. సైకోడైనమిక్ థెరపీ ఫలితం ముగిసిన తర్వాత కూడా నిలుస్తుందని, పెరుగుతుందని మరో అమెరికన్ సైకాలజిస్టు జొనాథన్ షెడ్లర్ 2010లో అధ్యయనాలను సమీక్షించి రాశాడు. రోజర్స్ దారిలోని థెరపీని డిప్రెషన్‌కు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో పోల్చి చూసిన ఇంగ్లాండు అధ్యయనం 2021లో వెలువడింది. ఆరు నెలలకు రోజర్స్ దారి వెనకబడలేదు, ఏడాదికి మాత్రం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీయే కొంత మెరుగనిపించింది. అన్నింటిలోనూ మళ్లీ మళ్లీ తేలే సంగతి, థెరపిస్టుకూ మీకూ కుదిరిన సయోధ్య ఫలితాన్ని బాగా ప్రభావితం చేస్తుందని.

అందుకే నా సలహా ఒక వైపు మొగ్గుతుంది, దాచను. మన డెల్టాలో పుట్టి పెరిగి, తీర్పు చెప్పకుండా వినే మనిషిని జీవితంలో ఒక్కసారీ చూడనివాళ్లు హ్యూమనిస్టిక్ గదిలోనే మొదలుపెట్టడం మంచిది. ఎనిమిది పది సెషన్ల తర్వాత మనసు తేలికై, అయినా అదే గోతిలో మళ్లీ పడుతుంటే అప్పుడు సైకోడైనమిక్. నా సంతకాల జబ్బు అలాంటిదే. ఒక్క మినహాయింపు ఉంది. ఎవరినైనా అయిదు నిమిషాల్లో మంచి చేసుకోగల మాటకారులు నేరుగా రెండో గదికే వెళ్లండి. మొదటి గదిలో మీరు థెరపిస్టును కూడా మంచి చేసుకుని, హాయిగా కాలక్షేపం చేసి వచ్చేస్తారు.

బస్సు, ఫీజు, పక్కగది

పద్ధతి తేలినంత మాత్రాన మనిషి దొరకరు. కాకినాడ, రాజమండ్రి లాంటి చోట్ల కౌన్సెలర్లున్నారు. సైకోడైనమిక్ శిక్షణ పొందినవాళ్ల కోసం నేను హైదరాబాదు దాకా వెతకవలసి వచ్చింది. ఎక్కువ సెషన్లు వీడియోలోనే, అప్పుడప్పుడు నేరుగా.

కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరు పడితే వాళ్లు కట్టేస్తున్నారు, జాగ్రత్త. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకుంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ అడగండి. ఏ పద్ధతిలో శిక్షణ పొందారు, తమ పనిని సీనియర్లతో చర్చించుకుంటారా, నేను చెప్పింది ఎవరెవరికి తెలుస్తుంది, ఎప్పుడు ఆపాలన్నది ఎలా తేలుస్తారు అని కూడా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. విసుక్కున్నారంటే మీకు ఫీజు మిగిలింది.

లెక్క కూడా చూసుకోవాలి. వారానికొకటి చొప్పున ఏడాదికి దాదాపు యాభై. మీ థెరపిస్టు ఫీజును యాభైతో గుణించి, బస్సు ఖర్చు, పోయిన పనిగంటలు కలపండి. ఆ అంకె చూసి గుండె ఆగితే, పదహారు వారాల చిన్న రకం అడగండి. సార్వా, దాళ్వా కోతల మీద బతికే ఇళ్లకు నెలనెలా ఒకేలా డబ్బు ఉండదు. ఆ సంగతి మొదటి రోజే చెప్పి ఫీజు గడువు మాట్లాడుకోవచ్చు. మధ్యలో అప్పు చేసి థెరపీ నడపవద్దు, హామీ సంతకాల మనిషిగా చెబుతున్నాను.

గుట్టు మరో సమస్య. చిన్న ఊళ్లో క్లినిక్ మెట్లెక్కితే సాయంత్రానికి పెళ్లిళ్ల పేరయ్యకు తెలుస్తుంది. వీడియో మేలనుకుంటే ఇంట్లో పక్కగదికి చెవులుంటాయి. నేను మొదట్లో కాలువగట్టు మీద బండి ఆపి చెట్టు కింద కూర్చుని మాట్లాడేవాణ్ని. మూడోసారి ఒక బావగారు ఆగి, "ఏం మాస్టారూ, ఒంటరిగా ఏడుస్తున్నారు?" అని పలకరించారు. ఆ తర్వాత ఆదివారాల్లో ఖాళీగా ఉండే కాలేజీ స్టాఫ్ రూము తాళం అడిగి తీసుకున్నాను. భాష కూడా చూసుకోండి. ఇంగ్లీషులో దుఃఖం చెప్పడం నాకు ఆడిట్ నివేదిక చదివినట్టు ఉండేది. తెలుగు థెరపిస్టు కోసం మరో నెల ఆగినా నష్టం లేదు.

చివరగా, మానేయడం గురించి. మనవాళ్లు థెరపీ మానేసే పద్ధతి ఒకటే: ఫోను ఎత్తకపోవడం. ఎదురుగా చెబితే బాధపడతారని. ఏ గదిలో ఉన్నా ఆ పని చేయకండి. మరొక్క సెషన్‌కు వెళ్లి, "నాకు ఇది పనిచేయడం లేదు, మీ మీద కోపంగా ఉంది" అని ముఖాన చెప్పండి. హ్యూమనిస్టిక్ థెరపిస్టు ఆ కోపాన్ని కూడా గౌరవంగా వింటారు. సైకోడైనమిక్ థెరపిస్టుకయితే అసలు పని అక్కడే మొదలవుతుంది. పూతరేకుల పెట్టె వెనక్కి పట్టుకొచ్చిన నెలకు నేను మానేద్దామని నిశ్చయించుకుని, ఆ మాట చెప్పడానికే హైదరాబాదు రైలెక్కాను. చెప్పాను కూడా. ఒక మనిషికి ఎదురుగా కాదని చెప్పడం నాకు నలభై తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. తర్వాత ఆయన దగ్గరికే మరో ఏడు నెలలు వెళ్లాను.